కొండల్లో సారె పట్టిన వారం రోజులు

ఈసారి వేసవి సెలవులకు కొండలకు వెళ్లి కుండలు చేయడం నేర్చుకుంటామని చెబితే మా ఇంట్లో పెద్దవాళ్లు నవ్వారు. "డబ్బులు పోసి మట్టి తొక్కేదానికి అంత దూరం పోవాల్నా?" అని అవ్వ అడిగింది. అప్పుడు మా దగ్గర జవాబు లేదు. హొసూరు నుంచి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయ దాకా వెళ్లి, వారం రోజులు మట్టితో గడిపాక సగం జవాబు దొరికింది. మిగతా సగం మా ఊరికి తిరిగి వచ్చాక దొరికింది.

ఇలాంటి సెలవుల గురించి మనవాళ్లలో చాలామంది అడుగుతున్నారు. బెంగళూరైనా, కోయంబత్తూరైనా, బరంపురమైనా, షోలాపూరైనా పిల్లల చేత ఓ వారం ఫోను పక్కన పెట్టించే పని ఏదైనా ఉంటే బాగుండునన్నది అందరి ఇళ్లలో మాటే. అందుకని అక్కడ ఏం నేర్పుతారు, వారంలో ఎంత వస్తుంది, ఎంత రాదు, డబ్బు కట్టేముందు ఏం అడగాలి అన్నది మాకు తెలిసినంతలో రాస్తున్నాం. మేము చేరిన చోటు పేరు చెప్పడం లేదు, చెబితే ప్రకటన అవుతుంది.

కాంగ్రా లోయనే ఎందుకు ఎంచుకున్నామంటే, అక్కడ మట్టిపనికి ఒక చరిత్ర ఉంది. పాలంపూరు దగ్గర ఆండ్రెట్టా అనే చిన్న ఊరు. వెనక ధౌలాధార్ కొండలు, వేసవి మొదట్లో కూడా శిఖరాల మీద మంచు. ఐర్లాండులో పుట్టిన నోరా రిచర్డ్స్ అనే రంగస్థల నటి లాహోరులో భర్త పోయిన తర్వాత కొన్నాళ్లకు ఇక్కడికి వచ్చి, మట్టి ఇల్లు కట్టుకుని, 1971లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉండిపోయారు. పంజాబీ నాటకరంగానికి ఆమె చేసిన మేలును ఇవాళ్టికీ తలుచుకుంటారు. దేశ విభజన తర్వాత చిత్రకారుడు శోభాసింగ్ ఈ ఊరికే వచ్చి స్థిరపడ్డారు. జపాన్ వెళ్లి కుండల పని నేర్చుకుని వచ్చి, ఢిల్లీలో నీలిరంగు మట్టిపాత్రలకు పేరు తెచ్చిన గురుచరణ్ సింగ్‌కూ ఈ ఊరితో బంధం ఉంది. ఆయన కొడుకు మన్‌సిమ్రన్ సింగ్, కోడలు మేరీ 1980లలో ఆండ్రెట్టాలో కుమ్మరి శాల పెట్టారు. ఎర్రమట్టి పాత్ర మీద పలుచని మట్టిపూతతో గీతలు, చుక్కలు తీర్చే పద్ధతి అక్కడిది. ఆ శాలను చూసి వచ్చిన వాళ్లు, నేర్చుకుని వెళ్లిన వాళ్లు దేశమంతా ఉన్నారు. ఇప్పుడు హిమాచల్ కొండల్లో చాలాచోట్ల వారం, పది రోజుల తరగతులు నడుస్తున్నాయి.

ప్రయాణం సంగతి రెండు ముక్కల్లో. పఠాన్‌కోట దాకా రైలు, అక్కడి నుంచి పాలంపూరుకు నూరు కిలోమీటర్లకు పైగా రోడ్డు. పఠాన్‌కోట నుంచి జోగిందర్ నగర్‌కు 1929 నాటి చిన్న రైలు మార్గం ఒకటి ఉంది, పిల్లలకు భలే సరదా. కానీ 2022 ఆగస్టు వరదల్లో చక్కి వాగు మీద వంతెన కూలిపోయింది. ఆ రైలు ఎంతవరకు నడుస్తోందో వెళ్లేముందు కనుక్కుని బయలుదేరండి. జూలై, ఆగస్టుల్లో మాత్రం వెళ్లకండి. అక్కడ పడేది అక్షరాలా కుండపోత. ఆ తేమలో పచ్చి కుండ ఆరనే ఆరదు.

మొదటి రోజు మాకు సారె దగ్గరికి రానివ్వలేదు. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా మట్టి పిసకడమే పని. చపాతీ పిండి పిసికినట్టే ఉంటుంది గానీ ఉద్దేశం వేరు. మట్టిముద్దలో గాలి బుడగ మిగలకూడదు, మెత్తన గట్టిదనం అంతటా ఒక్కలాగే ఉండాలి. ఒక పక్క మెత్తగా, ఒక పక్క గట్టిగా ఉన్న ముద్ద తిరుగుతూ ఉంటే గోడ ఒక పక్కకు ఒరిగిపోతుంది. ముద్దను తీగతో రెండు ముక్కలుగా కోసి, కోసిన ముఖం చూపించి "ఇదిగో బుడగలు, మళ్లీ పిసకండి" అనేవారు మాస్టర్‌జీ. మా చెల్లెలు జీవితంలో ఎన్ని వేల చపాతీలు చేసిందో, ఆమె ముద్ద ఒక్కటే రెండోసారికి నెగ్గింది.

రెండో రోజు సారె. ఇక్కడే అందరి గర్వమూ అణిగేది. తిరిగే పలక మీద మట్టిముద్దను దబ్బున కొట్టి అంటించి, తడి చేతులతో దాన్ని సరిగ్గా నడిమికి తేవాలి. నడిమికి వచ్చిన ముద్ద తిరుగుతున్నా కదలనట్టు కనిపిస్తుంది. రాని ముద్ద చేతిని తంతుంది. బలం పెడితే నడిమికి వస్తుందనుకుంటాం, అది తప్పు. మోచేతులను తొడల మీద ఆనించి, చేతిని కదలనివ్వకుండా పెట్టాలి. చెయ్యి నిలిస్తే మట్టే వచ్చి చేతికి సర్దుకుంటుంది. మట్టి చెప్పినట్టు చెయ్యి ఊగితే అంతే సంగతులు. ఈ ఒక్క పనికే పెద్దవాళ్లకు రెండు రోజులు పట్టింది. పన్నెండేళ్ల మా అమ్మాయికి మొదటి పూటే వచ్చింది. పిల్లలకు తొందరగా వస్తుందని మాస్టర్‌జీ అన్నారు. పాడైతే నవ్వేసి ఇంకో ముద్ద తీసుకుంటారు కాబట్టేమో.

ఆ పూటే మా అమ్మాయి అడిగింది, "దీన్ని హిందీలో చాక్ అంటున్నారు కదా నాయనా, మన తెలుగులో ఏమంటారు?"

మేము నలుగురు పెద్దవాళ్లం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఒకరు చక్రం అన్నారు, ఇంకొకరు చాకు అన్నారు. మా ఊళ్లో కన్నడం వచ్చినవాళ్లు 'తిగరి' అంటారని గుర్తొచ్చింది గానీ తెలుగు మాట మాత్రం రాలేదు. మొల్ల రామాయణం పేరు మా పిల్లలకు తెలుసు, ఆమెను కుమ్మరి మొల్ల అంటారనీ తెలుసు. ఆ కుమ్మరి దేని ముందు కూర్చుంటాడో చెప్పడానికి మాకు మాట లేదు. రాత్రి అవ్వకు ఫోను చేశాం.

"సారె అంటారు కదప్పా, అది కూడా తెలీదా?" అంది అవ్వ.

"సారె అంటే పెళ్లికూతురికి పెట్టేది కదా అవ్వా?" అని మా అమ్మాయి.

"అది వేరే సారె, ఇది వేరే సారె తల్లీ. కుమ్మరోళ్ల సారె."

అక్కడి నుంచి ఆ ఫోను అరగంట సాగింది. నీళ్లు మోసేది కడవ, స్నానానికి నీళ్లు కాచేది కాగు, నీళ్లు నిలవ ఉంచుకునేది బాన, పాలకూ నెయ్యికీ దుత్త, వండుకునే చిన్న కుండ అటిక, మూతకూ వేపుడుకూ మూకుడు, పిల్లలు డబ్బులు దాచుకునేది గురిగి, పేలాలు వేయించే పెంకు మంగలం. కుండలు కాల్చే చోటు ఆవం. తమిళంలో సూళై అనే మాట మాకందరికీ తెలుసు, ఆవం అనేది మాత్రం ఆ రాత్రే విన్నాం. చట్టి ఒక్కటే అక్కడా ఇక్కడా ఒకటే. మా అమ్మాయి అన్నీ నోటుపుస్తకంలో రాసుకుంది, కొన్నింటి పక్కన బొమ్మ కూడా వేసింది. అవ్వ చెప్పిన బొమ్మలు సారె మీద చేసి చూపించాలని మర్నాటి నుంచి ఆమె పట్టు. దుత్త చేయబోతే గిన్నె అయింది, గిన్నె చేయబోతే మూకుడయింది. వారం మొత్తంలో ఆమె చేసినవన్నీ కొంచెం తేడాతో మూకుళ్లే.

నడిమికి తెచ్చిన ముద్దలో బొటనవేళ్లు దించి గుంట చేయడం, ఆ గుంట అడుగును నొక్కి గట్టిపరచడం, తర్వాత లోపల ఒక చెయ్యి, బయట ఒక చెయ్యి పెట్టి గోడను పైకి లాగడం, ఇవి మూడు నుంచి అయిదో రోజు దాకా జరిగే పనులు. అడుగు నొక్కే పని చిన్నదే గానీ, మేమంతా దాన్నే నిర్లక్ష్యం చేశాం. దాని ఫలితం తర్వాత చూశాం. ఇంకో తప్పు నీళ్లు. చెయ్యి జారడానికి తడి కావాలి, నిజమే. మట్టి మొండికేసినప్పుడల్లా నీళ్లు పోస్తూ పోతే గోడ నీళ్లు తాగి, మెత్తబడి, కూలిపోతుంది. రోజుకు ఒక్కొక్కరం పది పన్నెండు కుండలు మొదలుపెట్టి, రెండో మూడో నిలబెట్టుకున్నాం. మిగతా మట్టి తిరిగి తొట్టిలోకే. మట్టి వృథా కాదు, కాల్చనంత వరకూ ఎన్నిసార్లయినా నీళ్లలో నానేసి మళ్లీ వాడుకోవచ్చు. కాలిస్తే ఇక వెనక్కి రాదు.

వెనక్కి ఎందుకు రాదో మాస్టర్‌జీ బాగా చెప్పారు. ఆరిన కుండలో పైకి కనిపించే తడి పోతుంది గానీ మట్టి నిర్మాణంలోనే కలిసి ఉన్న నీరు అలాగే ఉంటుంది. వేడి 500, 600 డిగ్రీలు దాటేటప్పుడు ఆ నీరు కూడా వెళ్లిపోతుంది, మట్టి వేరే పదార్థంగా మారిపోతుంది. అప్పుడు నీళ్లలో వేసినా కరగదు. ఎర్రమట్టి పాత్రలను సాధారణంగా 1000 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా కాలుస్తారు. గాజులా గట్టిపడే రాతిపింగాణీ రకాలకు 1200 దాటాలి. పూర్తిగా ఆరని కుండను తొందరపడి కాలిస్తే లోపలి తడి ఆవిరై, కుండను పేల్చేస్తుంది. పక్కనున్న కుండలు కూడా దానితో పాటు పోతాయి. తడి నుంచి కాల్పు దాకా కుండ పదో వంతు దాకా కుంచించుకుపోతుంది కూడా. కాఫీ లోటాకని చేసుకున్నది చివరికి మందు గ్లాసంత అయిందని మా బావగారు ఇప్పటికీ బాధపడతారు.

వారం రోజుల తరగతిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కుండ చేయడం నిమిషాల పని. తోలులా గట్టిపడ్డాక అడుగు చెక్కి తీర్చడానికి ఒకటి రెండు రోజులు, నీడలో పూర్తిగా ఆరడానికి వారమో ఆ పైనో, తర్వాత మొదటి కాల్పు, ఆ తర్వాత గ్లేజు పూత, రెండో కాల్పు. అంటే ఏడు రోజుల సెలవులో మీరు చేసిన కుండ కాలడం మీరు చూడరు. మీరు పూత పూసేది ముందు ఎవరో చేసి కాల్చిపెట్టిన పాత్రకు. ఇది మోసం కాదు, మట్టికి పట్టే కాలం అంత. కానీ చాలా చోట్ల ముందు చెప్పరు. పిల్లలు నా కుండ ఏదని ఏడుస్తారు. అందుకని డబ్బు కట్టేముందు అడగండి: మా కుండలు ఎప్పుడు కాలుస్తారు, ఎన్ని కాలుస్తారు, పార్సిలు ఎవరి ఖర్చు, దారిలో పగిలితే ఏమిటి. ఒక్కో సారెకు ఎంతమందో కూడా అడగండి. ముగ్గురికి ఒక సారె అంటే మీరు కట్టిన డబ్బులో రెండు వంతులు ఎదురుచూపులకే. పూతలో సీసం ఉందా అని మొహమాటం లేకుండా అడగాలి. తక్కువ వేడికి కరిగే కొన్ని పాత రకం గ్లేజుల్లో సీసం వాడేవారు, అలాంటి పాత్రలో చింతపండు పులుసు, మజ్జిగ పోసుకోకూడదు. మంచి శాలవాళ్లు ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోరు, డబ్బా చూపిస్తారు.

ఇంకొక మాట. గ్లేజు వేసిన కూజాలో నీళ్లు చల్లబడవు. మన కుండలో నీళ్లు చల్లగా ఉండేది దాని ఒంట్లోని సన్నని రంధ్రాల్లోంచి నీరు ఊరి, బయట ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోవడం వల్ల. మెరుపు పూస్తే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. కొండల్లో చలి కాబట్టి వాళ్లకు ఆ అవసరం అంతగా లేదు. హొసూరులోనూ ఒకప్పుడు లేదనుకోండి, ఇప్పుడు వేసవి మారిపోయింది.

అంత దూరం వెళ్లలేని వాళ్లు కొండల మట్టిపని చూడాలంటే నీలగిరులు ఉన్నాయి. కోటగిరి చుట్టుపక్కల కోటా తెగవారు తరతరాలుగా అక్కడి మిగతా తెగలకు పనిముట్లు, వాద్యాలు, కుండలు చేసి ఇచ్చినవాళ్లు. వాళ్లలో ఇనుము పని మగవాళ్లది, కుండల పని ఆడవాళ్లది. మణిపూరులోని ఉఖ్రుల్ కొండల్లో లాంగ్‌పి వాళ్లయితే సారె అన్నదే లేకుండా నల్లరాతి పొడిని మట్టితో కలిపి చేత్తోనే పాత్రలు చేస్తారు. కోటాల సంగతి విన్నప్పుడు మా చెల్లెలికి ఒక విషయం తట్టింది. మన కుమ్మరి ఇళ్లలో చాలాచోట్ల ఆడవాళ్లు సారె ముట్టే ఆచారం లేదు. మట్టి తెచ్చేది, తొక్కేది, జల్లెడ పట్టేది, రంగు పూసేది, గంపకెత్తి వీధివీధీ తిరిగి అమ్మేది వాళ్లే. సారె ముందు పీట మాత్రం వాళ్లది కాదు. మా అమ్మాయి హిమాచల్‌లో డబ్బు కట్టి కూర్చున్న చోట, మా ఊరి కుమ్మరి ఇంటి ఆడపిల్ల కూర్చోలేదు.

తిరిగి వచ్చిన ఆరు వారాలకు పార్సిలు వచ్చింది. మేము ఏడుగురం కాల్చమని వదిలివచ్చినవి ఇరవై ఒక్కటి. చేతికి నిండుగా అందినవి తొమ్మిది. దారిలో పగిలినవి రెండే. మిగతా పది ఆరేటప్పుడో కాలేటప్పుడో అడుగున పాము మెలిక తిరిగినట్టు బీటలు తీశాయి. అడుగు నొక్కమని మాస్టర్‌జీ చెప్పిన చిన్న పని మేము చేయనందుకు వచ్చిన బీటలవి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్న సామెత చిన్నప్పటి నుంచి వింటున్నాం, ఎవరో పగలగొట్టడం గురించే అనుకునేవాళ్లం. ఆ 'ఏడు' అంటే ఏమిటో ఆలోచించలేదు.

ఆ బీటలు తీసిన మూకుడు ఒకటి పట్టుకుని మా ఊరి అవతల చెరువు కింద ఉన్న కుమ్మరి తాత దగ్గరికి వెళ్లాం. తెలుగువాళ్లే. మా ఇంట్లో ప్రతి పెళ్లికీ అరివేణి కుండలు వాళ్ల ఇంటి నుంచే మేళతాళాలతో తెస్తాం. పసుపు కుంకుమ పెట్టి, కుండలకు దండం పెట్టి, ఇచ్చే డబ్బు దగ్గర మాత్రం బేరమాడతాం. తాత మూకుడు తిరగేసి ఒక్కసారి చూసి, "అడుగు తట్టలేదు" అన్నాడు. అంతే. ఆయన పెద్ద కుండ సారె మీద పూర్తిగా చేయడు. మందంగా, అడుగు లేకుండా లాగి దించుతాడు. కాస్త గట్టిపడ్డాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ తడుతూ అడుగు మూసుకొచ్చి, కుండను ఉబ్బిస్తాడు. కొండల్లో మాకు ఎవరూ చూపించని పని అది. అంత పలుచని గోడ, అంత గుండ్రటి అడుగు సారె మీద లాగి తేవడం మాస్టర్‌జీకి కూడా కష్టమే. గుండ్రటి అడుగు వల్లే మంట చుట్టూ సమానంగా అంటుకుని కూడు మాడదని కూడా తాతే చెప్పాడు.

ఆయన కొడుకు ఫ్యాక్టరీలో పనికి వెళ్తాడు. మనవడికి సారె రాదు. పని నడిచేది సంక్రాంతి ముందు ఒక నెల, దీపావళికి ప్రమిదలు, మధ్యలో పెళ్లిళ్లు. మట్టి దొరకడమే గండం. చెరువు పక్కన ఇళ్ల స్థలాలు లేచాయి, మిగిలిన చెరువులో మట్టి తీసుకోవడానికి ప్రతిసారీ అనుమతి కోసం తిరగాలి. ఆవం పెడితే పొగ వస్తోందని కొత్తగా వచ్చిన ఇళ్లవాళ్లు తగువు.

ఆదివారాలు మా పిల్లలకు నేర్పుతావా తాతా, కొండల్లో కట్టినట్టే నీకూ కడతాం అని అడిగాం. "డబ్బులిచ్చి మట్టి తొక్కుతారా?" అని నవ్వాడు, అచ్చం అవ్వలాగే. మొదటి ఆదివారం ముగ్గురు పిల్లలు వెళ్లారు, ఇప్పుడు ఎనిమిది మంది. గంటకు ఇంత అని ఆయన చెప్పలేదు, మేమే లెక్క వేసి ఇస్తున్నాం, ముందు తీసుకోనన్నాడు. ఆయనకు కరెంటు సారె లేదు, కర్రతో తిప్పేదే. నేల మీద గొంతుక్కూర్చుని చేయాలి, పిల్లల నడుములకు పర్వాలేదు, మావి పట్టేశాయి. నేర్పడంలో కొండల మాస్టర్‌జీ అంత ఓపిక తాతకు లేదన్నది కూడా చెప్పాలి. పాడైతే విసుక్కుంటాడు, చేసి చూపిస్తాడు, మాటల్లో చెప్పడు. మాటల్లో విడమర్చి చెప్పించుకుని వచ్చాం కాబట్టి ఆయన చేతులు ఏం చేస్తున్నాయో మాకు కనిపిస్తోంది. అవ్వ ప్రశ్నకు మేము ఇచ్చుకున్న జవాబు ఇదే. కొండలకు వెళ్లకపోతే ఈ తాత దగ్గర కూర్చుని చూడాలన్న తెలివి మాకు వచ్చేది కాదు.

మూడో ఆదివారం తాత మనవరాలు కూడా పిల్లల వెనక వచ్చి నిలబడింది. తొమ్మిదో తరగతి చదువుతోంది, ప్రమిదలకు రంగు వేయడం ఆమె పని. మా అమ్మాయి లేచి పీట ఆమె వైపు జరిపింది. తాత ఏమీ అనలేదు. సారెకు కర్ర పెట్టి ఒక్క తిప్పు తిప్పి, పక్కకు జరిగి బీడీ వెలిగించుకున్నాడు.